పాస్‌పోర్ట్ రీఇష్యూ: సేవ బాగుంది, కష్టమంతా స్లాట్‌కి ముందే

పాస్‌పోర్ట్ సేవ మీద నా మాట ముందే చెప్పేస్తాను. మామూలు జనం పని మీద వెళ్లే ప్రభుత్వ ఆఫీసుల్లో ఇంత పద్ధతిగా నడిచేవి నేను చాలా తక్కువ చూశాను, ఐదుకి నాలుగు మార్కులు ధైర్యంగా వేస్తాను. తగ్గిన ఆ ఒక్క మార్కు ఎందుకో కింద రాస్తాను. అక్క సింగపూర్‌లో ఉంటుంది, అందరం కలిసి వెళ్దామని అనుకున్నాక మా ఇంట్లో పాస్‌పోర్టులన్నీ బయటికి తీసి చూస్తే ఒక్కటీ ప్రయాణానికి పనికొచ్చేలా లేదు. నాది గడువు దగ్గరపడింది, పైగా ఇల్లు మారాం. నాన్నది ఇంటిపేరు గొడవ. అమ్మది ఎప్పుడో గడువు దాటిపోయింది. పాపది మేం గమనించనే లేదు, ఇంకొన్ని వారాల్లో అయిపోతోంది. ఒకే ఇంట్లో ఇన్ని రకాల కేసులు కలిసొచ్చాయి కాబట్టి ఎవరో ఒకరికి పనికొస్తుందని వివరంగా రాస్తున్నాను.

ముందు కొంచెం వెనక్కి వెళ్తాను, ఎందుకంటే ఇప్పటి పిల్లలకి పాత రోజులు తెలియవు. అప్పట్లో పాస్‌పోర్ట్ అంటే హైదరాబాద్‌కో విశాఖపట్నానికో వెళ్లి లైన్లో నిలబడటమే. 2010 నుంచి విదేశాంగ శాఖ పాస్‌పోర్ట్ సేవా కేంద్రాలు తెరవడం మొదలుపెట్టింది, వాటి సాంకేతిక నిర్వహణ టీసీఎస్‌ది. 2017 జనవరిలో పోస్టాఫీసుల్లో కూడా కేంద్రాలు పెట్టడం మొదలైంది, మన దగ్గర వరంగల్, కడప లాంటి ఊళ్లకి ఈ సౌకర్యం అలాగే వచ్చింది. మోకాళ్ల నొప్పులతో ఉన్న మా అమ్మ బస్సెక్కి ఎక్కడికో పోకుండా జిల్లా కేంద్రంలోనే, హెడ్ పోస్టాఫీసులో పని చూసుకుని మధ్యాహ్నం భోజనానికి ఇంటికొచ్చేసింది. నా దృష్టిలో ఈ మొత్తం వ్యవస్థలో అన్నిటికంటే మంచి మార్పు ఇదే.

ఇక అసలు విషయం. పాస్‌పోర్ట్ మీద ఉన్న గడువు తేదీ వరకు అది పనిచేస్తుందని చాలామంది అనుకుంటారు. భారతదేశం లోపల గుర్తింపు కార్డుగా అయితే సరే కానీ ప్రయాణానికి లెక్క వేరు. సింగపూర్, మలేషియా, ఇండోనేషియా, యూఏఈ లాంటి దేశాలు మీరు వాళ్ల దేశంలో అడుగుపెట్టే రోజుకి ఇంకా 6 నెలల గడువు మిగిలి ఉండాలంటాయి. యూరప్‌లో షెంగెన్ (ఒకే వీసాతో తిరిగే) దేశాలకైతే మీరు తిరిగి బయల్దేరే తేదీ తర్వాత 3 నెలలు ఉండాలి, దానితోపాటు ఆ పాస్‌పోర్ట్ ఇచ్చి 10 ఏళ్లు దాటి ఉండకూడదు, వీసాకి కనీసం 2 ఖాళీ పేజీలు ఉండాలి. ఇవన్నీ అక్కడ దిగాక ఎవరో అడుగుతారనుకోకండి, ఇక్కడ ఎయిర్‌పోర్టులో విమానం కంపెనీ కౌంటర్ దగ్గరే ఆపేస్తారు, ఎందుకంటే సరైన కాగితాలు లేని ప్రయాణికుణ్ణి తీసుకెళ్తే వాళ్లకే జరిమానా పడుతుంది. టికెట్ డబ్బులు, హోటల్ డబ్బులు, అన్నీ పోయినట్టే.

అందుకే గడువు ఇంకా 1 సంవత్సరం ఉండగానే అప్లై చేసుకునే వీలు ఇచ్చారు. పాతదాంట్లో మిగిలిన నెలలు కొత్తదానికి కలవవు, కొత్తది ఇచ్చిన రోజు నుంచి పెద్దవాళ్లకి 10 ఏళ్లు లెక్క. "ఇంకా ఎనిమిది నెలలుందిగా, వేస్ట్ అవుతుంది" అని మా నాన్న గట్టిగానే వాదించాడు. ఆ ఎనిమిది నెలల్లో సింగపూర్‌కి పనికొచ్చేవి రెండే అని చెప్తే ఒప్పుకున్నాడు. మీ ఇంట్లో కూడా ఇదే వాదన వస్తుంది, లెక్క వేసి చూపించండి.

పిల్లల దగ్గర చాలా కుటుంబాలు ఇరుక్కుంటాయి. 18 ఏళ్ల లోపు పిల్లల పాస్‌పోర్ట్‌కి 5 ఏళ్లే గడువు, లేదా 18 నిండే వరకు, ఏది ముందైతే అది. 15 దాటిన పిల్లలకి కావాలంటే 10 ఏళ్లది అడగవచ్చు. అమ్మానాన్నలది 10 ఏళ్లది కాబట్టి అందరివీ కలిపి ఒకే బ్యాగులో పెట్టేసి, అన్నీ ఒకేసారి అయిపోతాయనుకుంటాం. పిల్లల దానికి 1000 రూపాయల ఫీజు, తల్లిదండ్రులిద్దరూ సంతకం చేసిన సమ్మతి పత్రం (దాన్ని అనెక్జర్ డి అంటారు), ఇద్దరి పాస్‌పోర్టుల జిరాక్స్ కాపీలు. పిల్లల్ని వెంట తీసుకెళ్లాలి. 4 ఏళ్ల లోపు పిల్లలకైతే తెల్ల బ్యాక్‌గ్రౌండ్‌తో ఫొటో మీరే తీసుకెళ్లాలి, మిగతా అందరికీ ఫొటో అక్కడే తీస్తారు. తల్లిదండ్రుల్లో ఒకరు వేరే ఊళ్లోనో వేరే దేశంలోనో ఉంటే ఆ సంతకం కోసమే ఎక్కువ టైమ్ పడుతుంది, అది ముందు చూసుకోండి.

ఏజెంట్ల గురించి నిక్కచ్చిగా చెప్తాను. అవసరం లేదు. పెద్దవాళ్లకి 36 పేజీల బుక్‌లెట్‌కి 1500, 60 పేజీలదానికి 2000, అదీ ఆన్‌లైన్‌లో మీరే కట్టాలి, కడితేనే స్లాట్ (అపాయింట్‌మెంట్ టైమ్) బుక్ అవుతుంది. మేం వెళ్లిన ఒక నెట్ సెంటర్‌లో ఫీజు కాకుండా మనిషికి ఇంకో పదిహేను వందలు అడిగారు, "స్లాట్లు లేవు మేడం, మా దగ్గర లాగిన్ వేరే ఉంటుంది, తొందరగా వస్తుంది" అని. అలాంటి లాగిన్ ఏదీ ఉండదు. వాళ్లకి కనిపించేవీ మీ ఫోన్‌లో కనిపించేవీ అవే స్లాట్లు. ఇంకా బాధ కలిగించింది ఏంటంటే పక్కన కూర్చున్న ఒక పెద్దాయన ఫారంలో ఆయన్ని ఒక్క మాట అడగకుండా పాత అడ్రస్ కొట్టేశారు, నేను చూసి చెప్తే అప్పుడు మార్చారు. ఆ ఫారం మీద రేపు అధికారి అడిగేది ఆయన్ని, నెట్ సెంటర్ వాళ్లని కాదు. టైపింగ్ రాకపోతే సాయం తీసుకోండి, తప్పులేదు, కానీ పక్కన కూర్చుని ప్రతి గడీ చదివించుకోండి. యూజర్ ఐడీ, పాస్‌వర్డ్ మీ ఫోన్ నంబర్ మీద, మీ మెయిల్ మీదే పెట్టించుకోండి, లేకపోతే తర్వాత మెసేజ్‌లన్నీ వాళ్లకి పోతాయి.

దొంగ వెబ్‌సైట్లు కూడా ఉన్నాయి, చూడటానికి అచ్చం ప్రభుత్వ సైట్‌లాగే ఉంటాయి, డబ్బులు కూడా కట్టించుకుంటాయి. అసలైనది పాస్‌పోర్ట్‌ఇండియా డాట్ గవ్ డాట్ ఇన్ ఒక్కటే, చివర్లో గవ్ డాట్ ఇన్ లేకపోతే ముట్టుకోకండి. ఫోన్‌లో అయితే ఎంపాస్‌పోర్ట్ సేవ అని యాప్ ఉంది. అనుమానం వస్తే 1800-258-1800 టోల్ ఫ్రీ నంబర్‌కి కాల్ చేసి అడగవచ్చు.

ఫారంలో రీఇష్యూ (పాతదాని బదులు కొత్తది) అని ఎంచుకున్నాక కారణం అడుగుతుంది. గడువు దగ్గరపడిందా లేదా అయిపోయి 3 ఏళ్ల లోపేనా, 3 ఏళ్లు దాటిందా, పేజీలు అయిపోయాయా, పాడైపోయిందా, పోయిందా, వివరాలు మారాయా. ఇక్కడ నిజం ఏదో అదే పెట్టండి. అడ్రస్ మారినా మారలేదని పెడితే పని సులువవుతుందని ఎవరో ఒకరు సలహా ఇస్తారు, ఆ మాట అసలు వినకండి, పోలీస్ వెరిఫికేషన్ పడితే పాత ఇంటికి వెళ్లి మీరు అక్కడ లేరని రాసేస్తారు, అప్పుడు ఫైల్ ఆగిపోతుంది.

ఇప్పుడు పేర్ల గురించి. మన తెలుగువాళ్లకి పాస్‌పోర్ట్‌లో వచ్చే కష్టాల్లో సగం ఇక్కడే పుడతాయి. మనం ఇంటిపేరు ముందు పెట్టుకుంటాం, దాన్ని మళ్లీ ఒక అక్షరానికి కుదించేస్తాం. టెన్త్ మెమోలో ఒకలా, ఆధార్‌లో ఒకలా, పాన్ కార్డులో ఇంకోలా, బ్యాంకు పుస్తకంలో మరోలా. కొండపల్లి వెంకట రమణ అనే మనిషి ఒకచోట కె.వి. రమణ, ఇంకోచోట రమణ కొండపల్లి, వేరేచోట వెంకటరమణ, మధ్యలో ఖాళీ లేకుండా. మన కళ్లకి ఇవన్నీ ఒక్కరే. కంప్యూటర్‌కి, వీసా ఆఫీసర్‌కి మాత్రం కాదు. పాస్‌పోర్ట్‌లో ఇనీషియల్స్ ఒప్పుకోరు, పూర్తిగా విప్పి రాయాలి. ఇంటిపేరు సర్‌నేమ్ గడిలో, మిగతాది గివెన్ నేమ్ గడిలో.

మా నాన్న పాత పాస్‌పోర్ట్‌లో ఇంటిపేరుతో సహా మొత్తం గివెన్ నేమ్‌లో ఉంది, సర్‌నేమ్ గడి ఖాళీ. ఇన్నాళ్లూ ఎక్కడికీ వెళ్లలేదు కాబట్టి ఎవరూ పట్టించుకోలేదు. అలా ఒక గడి ఖాళీగా ఉంటే విమానం టికెట్ బుక్ చేసేటప్పుడు సర్‌నేమ్ లేకుండా ముందుకి పోనివ్వదు, ఏదో ఒకటి కొట్టాలి, కొట్టింది పాస్‌పోర్ట్‌తో కలవదు. అమెరికా వీసాలో అయితే ఒక్క గడిలోనే పేరు ఉన్నవాళ్లకి గివెన్ నేమ్ చోట ఎఫ్‌ఎన్‌యూ అని వేస్తారు, పేరు తెలియదు అని అర్థం, తర్వాత అక్కడ బ్యాంకు ఖాతా దగ్గర్నుంచి డ్రైవింగ్ లైసెన్స్ దాకా అదే వెంటాడుతుంది. యూఏఈ అయితే 2022 నవంబర్‌లో, పాస్‌పోర్ట్‌లో ఒక్క పదం పేరే ఉంటే విజిట్ వీసా మీద రానివ్వబోమని చెప్పింది. కాబట్టి రీఇష్యూ అనేది ఈ గడులు సరిచేసుకోవడానికి దొరికిన మంచి అవకాశం, గడువు ఒక్కటే పెంచుకుని పాత చిక్కు మళ్లీ పదేళ్లు మోయకండి. అయితే దీనికి ఆధారం ఉండాలి. నాన్న ఆధార్‌లో ముందు ఇంటిపేరు పూర్తిగా రాయించి, అది వచ్చాకే ఫారం నింపాం. ఆ ఆధార్ అప్‌డేట్‌కి పట్టిన సమయమే మొత్తం పనిలో ఎక్కువ. పూర్తిగా వేరే పేరుకి మారాలనుకుంటే అదనపు కాగితాలు కావాలి, దాని దారి వేరు.

పుట్టిన తేదీ కూడా అంతే. మన పెద్దవాళ్లలో ఎంతమందికి ఆధార్‌లో జనవరి 1 ఉందో ఒకసారి మీ ఇంట్లోనే చూడండి. అసలు తేదీ తెలియక అలా వేయించారు. పాస్‌పోర్ట్‌లో ఒక తేదీ, ఆధార్‌లో ఒక తేదీ ఉంటే కౌంటర్‌లో కచ్చితంగా ప్రశ్న వస్తుంది. స్లాట్ బుక్ చేయకముందే ఈ రెండూ పక్కపక్కన పెట్టి చూసుకోండి. ఇప్పుడు పుట్టే పిల్లలకి ఈ బాధ ఉండదు, 2023 అక్టోబర్ 1న గానీ ఆ తర్వాత గానీ పుట్టినవాళ్లకి పుట్టిన తేదీకి బర్త్ సర్టిఫికెట్ ఒక్కటే ఆధారంగా తీసుకుంటారు.

అడ్రస్ సంగతి అద్దె ఇళ్లల్లో ఉండేవాళ్లకి బాగా ముఖ్యం. ఆధార్‌లో సొంత ఊరి అడ్రస్, ఉండేది నగరంలో, ఇది మనలో చాలామంది పరిస్థితి. ఇప్పుడు ఎక్కడ ఉంటున్నారో అదే రాయాలి, దానికి రుజువు కావాలి. రిజిస్టర్ చేసిన అద్దె ఒప్పందం, కరెంటు బిల్లు, నడుస్తున్న ఖాతా తాలూకు ఫొటో ఉన్న బ్యాంకు పాస్‌బుక్ లాంటివి పనిచేస్తాయి, కానీ నా అనుభవంలో అన్నిటికంటే హాయి ఆధార్‌లో అడ్రస్ మార్పించుకుని వెళ్లడం. నోటరీతో సరిపెట్టిన అద్దె కాగితం మీద ఆధారపడకండి.

కేంద్రంలో ఎలా ఉంటుందో చెప్తాను, చాలామందికి అక్కడే టెన్షన్. అపాయింట్‌మెంట్ టైమ్‌కి 15 నిమిషాల ముందు వెళ్తే చాలు, తెల్లవారుజామునే వెళ్లి గేటు దగ్గర నిలబడక్కర్లేదు. లోపల టోకెన్ ఇస్తారు, తెర మీద మీ నంబర్ ఏ కౌంటర్‌కి వచ్చిందో చూసుకుంటూ కూర్చోవడమే. మొదట ‘ఏ’ (A) కౌంటర్, అక్కడ ఉండేది టీసీఎస్ సిబ్బంది, కాగితాలు స్కాన్ చేసి ఫొటో, వేలిముద్రలు తీసుకుంటారు. తర్వాత బి, అక్కడ ప్రభుత్వ అధికారి ఒరిజినల్స్ చూస్తారు. చివర సి, ఇవ్వాలా వద్దా అన్న నిర్ణయం అక్కడ. పోస్టాఫీసు కేంద్రాల్లో కౌంటర్లు ఇన్ని ఉండవు, చిన్న గదిలో పని అయిపోతుంది. బయటికి వచ్చేటప్పుడు ఒక రసీదు చేతికిస్తారు, దాని మీద ఫైల్ నంబర్ ఉంటుంది, దాన్ని ఫోన్‌లో ఫొటో తీసి పెట్టుకోండి.

ఆ ‘ఏ’ (A) కౌంటర్ దగ్గర మీ వైపు కూడా ఒక తెర ఉంటుంది. మీ పేరు, తల్లిదండ్రుల పేర్లు, భార్య లేదా భర్త పేరు, అడ్రస్ అన్నీ దాని మీద కనిపిస్తాయి. వెనక లైన్ ఉందని కంగారుపడి తల ఊపేయకండి, ఒక్కో అక్షరం చదవండి, అవసరమైతే "ఒక్క నిమిషం ఆగండి సార్" అనండి. నేను వెళ్లినప్పుడు అక్కడ కూర్చున్న అమ్మాయి తనే "మరోసారి చూసుకోండి, ప్రింట్ అయ్యాక మార్చడం కుదరదు" అని చెప్పింది, ఆ మాట చెప్పే ఓపిక రోజంతా వందలమందిని చూసే మనిషికి ఉండటం నాకు నిజంగా నచ్చింది. ఫొటోకి తెల్ల చొక్కా, తెల్ల చీర వద్దు, వెనక గోడ తెల్లగా ఉంటుంది, కలిసిపోతుంది. కళ్లజోడు తీయమంటారు.

తీసుకెళ్లాల్సినవి పెద్ద జాబితా కాదు. పాత పాస్‌పోర్ట్ ఒరిజినల్, దాని మొదటి రెండు పేజీలు, చివరి రెండు పేజీలు, ఏదైనా అబ్జర్వేషన్ (అధికారుల గమనిక) రాసి ఉంటే ఆ పేజీ, వీటి జిరాక్సులు మీ సంతకంతో. ఆధార్. పదో తరగతి మెమో. డిజిలాకర్‌లో అన్నీ ఉన్నాయని ధీమాగా ఉత్త చేతులతో వెళ్లకండి. ఒరిజినల్స్ ఒక ఫైల్లో, జిరాక్సులు ఇంకో ఫైల్లో పెట్టుకుంటే కౌంటర్ దగ్గర వెతుక్కోవాల్సిన పని ఉండదు. ఏదైనా కాగితం తక్కువైతే ఫీజు పోదు, కట్టిన ఫీజు 1 సంవత్సరం వరకు చెల్లుతుంది, మళ్లీ స్లాట్ తీసుకుని వెళ్లవచ్చు.

టెన్త్ మెమో ఎందుకంటే ఈసీఆర్ (ఎమిగ్రేషన్ చెక్ రిక్వైర్డ్) కోసం. పది పాస్ కానివాళ్ల పాస్‌పోర్ట్‌లో ఈసీఆర్ అని ఉంటుంది, అంటే గల్ఫ్ లాంటి కొన్ని దేశాలకి ఉద్యోగానికి వెళ్లాలంటే ముందు ఎమిగ్రేషన్ క్లియరెన్స్ తీసుకోవాలి. పనివాళ్లని ఏజెంట్లు మోసం చేయకుండా పెట్టిన రక్షణ అది. మన తెలంగాణ, ఆంధ్ర జిల్లాల నుంచి దుబాయ్, మస్కట్ వెళ్లే కుటుంబాలకి ఈ మాట బాగా తెలుసు. మా అమ్మ పదో తరగతి చదవలేదు, పాత పాస్‌పోర్ట్‌లో ఈసీఆర్ ఉంది. 50 ఏళ్లు దాటినవాళ్లకి చదువుతో సంబంధం లేకుండా ఈసీఆర్ తీసేస్తారు, ఆదాయపు పన్ను కట్టేవాళ్లకి కూడా అంతే. ఫారంలో నాన్ ఈసీఆర్‌కి అర్హత ఉందా అన్న ప్రశ్నకి సరైన జవాబు పెడితే చాలు. "ఇంక ఆ ముద్ర ఉండదా?" అని అమ్మ రెండుమూడుసార్లు అడిగింది. చదువుకోలేదన్న విషయం ఆ పుస్తకంలో ముద్రలా ఉండటం ఆవిడకి ఇన్నాళ్లూ ఎంత బరువుగా ఉందో నాకు అప్పుడే అర్థమైంది. మీ ఇంట్లో 50 దాటిన పెద్దవాళ్లుంటే ఇది తప్పకుండా చూడండి.

పోలీస్ వెరిఫికేషన్ ఉంటుందా లేదా అన్నది మన చేతుల్లో లేదు, పాస్‌పోర్ట్ ఆఫీసు నిర్ణయిస్తుంది. ఏ వివరమూ మారకుండా గడువులోపల రీఇష్యూ అయితే చాలాసార్లు ఉండదు, లేదా పాస్‌పోర్ట్ ఇచ్చాక తర్వాత చేస్తారు. అడ్రస్ మారినా, గడువు దాటి 3 ఏళ్లు అయిపోయినా ఉంటుందనే లెక్కలో ఉండండి. తెలంగాణలో వెరిఫాస్ట్ అని పోలీసులకి ట్యాబ్‌లో యాప్ ఉంది, ఇంటికి వచ్చి అక్కడే ఫొటో తీసి వివరాలు పంపేస్తారు, ఈ విషయంలో మన పోలీసులకి మంచి పేరే ఉంది. వాళ్లు ఫోన్ చేసినప్పుడు తెలియని నంబరని కట్ చేయకండి. దీనికి విడిగా ఫీజు ఏదీ లేదు, ఎవరైనా చాయ్ ఖర్చులని అడిగితే ఇవ్వాల్సిన పనిలేదు, మర్యాదగా ఇవ్వనని చెప్పొచ్చు.

తత్కాల్, అంటే తొందరగా కావాలంటే ఎంచుకునే పద్ధతి, దాని గురించి తక్కువే చెప్తాను. మామూలు ఫీజు మీద ఇంకో 2000, అంటే 36 పేజీలదానికి 3500. నిజంగా అత్యవసరమైతే వరమే, కానీ డబ్బు కట్టినంత మాత్రాన వచ్చేస్తుందన్న హామీ లేదు, కాగితాలు సరిగ్గా లేకపోతే తత్కాల్ కూడా ఆగుతుంది. పేరు కలవని సమస్యని 2000 రూపాయలు తీర్చలేవు. ఏప్రిల్, మే, జూన్ నెలల్లో సెలవుల ప్రయాణాలు, పై చదువులకి వెళ్లే పిల్లలు, అంతా ఒకేసారి పడతారు, అప్పుడు మామూలు స్లాట్లే దొరకడం కష్టం. వేసవిలో వెళ్లేవాళ్లు సంక్రాంతి అవగానే పని మొదలుపెట్టడం మంచిది.

కొత్తగా వచ్చేవి ఈ-పాస్‌పోర్టులు. 2024 ఏప్రిల్‌లో నాగపూర్, భువనేశ్వర్‌లలో మొదలుపెట్టి 2025లో మిగతా చోట్లకి తెచ్చారు. లోపల చిప్, యాంటెనా ఉంటాయి, అట్ట మీద కింద బంగారు రంగులో చిన్న గుర్తు కనిపిస్తుంది. చిప్ ఉంది కాబట్టి వంచడం, పిన్ను కొట్టడం, మడతపెట్టి వెనక జేబులో కూర్చోవడం వద్దు. ఇది రావడానికి విడిగా ఏమీ అడగక్కర్లేదు. చేతిలో ఉన్న పాతది గడువు దాకా చెల్లుతుంది, దీనికోసమే పరిగెత్తి మార్చుకోవాల్సిన అవసరం కూడా లేదు.

ప్రింట్ అయ్యాక స్పీడ్ పోస్ట్‌లో వస్తుంది, ట్రాకింగ్ నంబర్ మెసేజ్ వస్తుంది. ఎవరి పాస్‌పోర్ట్ వాళ్లకే ఇస్తారు, గుర్తింపు కార్డు చూస్తారు. పక్కింటివాళ్లకి ఇచ్చి వెళ్లమంటే ఇవ్వరు, అది మంచిదే. కవర్ విప్పగానే పేరు, పుట్టిన తేదీ, చివరి పేజీలో తల్లిదండ్రుల పేర్లు, అడ్రస్ చూసుకోండి, తప్పుంటే వెంటనే పాస్‌పోర్ట్ ఆఫీసుకి చెప్పాలి.

తగ్గించిన ఆ ఒక్క మార్కు భాష గురించి. ఇంత పెద్ద సేవ, పల్లెల నుంచి గల్ఫ్‌కి పోయే లక్షలమంది వాడేది, ఫారం తెలుగులో నింపుకునే వీలుండాలి. గివెన్ నేమ్, సర్‌నేమ్, ఎక్కడ ఏది రాయాలో తెలుగులో ఒక ఉదాహరణతో పక్కనే చూపిస్తే చాలు, సగం తప్పులు అక్కడే ఆగిపోతాయి. ఇప్పుడు ఆ ఖాళీలోనే ఏజెంట్లు బతుకుతున్నారు. ఇంత బాగా కేంద్రాలు నడిపేవాళ్లకి ఇది చేతకాని పని కాదు, చేయాలని గట్టిగా కోరుకుంటున్నాను. మిగతా విషయంలో, శుభ్రత, లైన్ల పద్ధతి, మనుషులతో మాట్లాడే తీరు, ఎక్కడా లంచం మాట రాకపోవడం, నాకు ఒక్క ఫిర్యాదు లేదు.

ఇంకో ముఖ్యమైన సంగతి, పాత పాస్‌పోర్ట్. దాన్ని ఉంచేసుకోరు, రద్దు ముద్ర వేసి, మూల కత్తిరించి తిరిగి ఇచ్చేస్తారు. అందులో బతికి ఉన్న వీసా ఉంటే, ఉదాహరణకి అమెరికా పదేళ్ల విజిట్ వీసా, అది పోయినట్టు కాదు, కొత్తదీ పాతదీ రెండూ కలిపి పట్టుకెళ్తే చెల్లుతుంది. కౌంటర్‌లోనే "ఇందులో వీసా ఉంది" అని చెప్పండి, ఆ పేజీకి దెబ్బ తగలకుండా చూస్తారు. కొన్ని దేశాల ఈ-వీసాలు మాత్రం పాస్‌పోర్ట్ నంబర్‌తో ముడిపడి ఉంటాయి, నంబర్ మారితే మళ్లీ తీసుకోవాల్సి రావచ్చు, అందుకే రీఇష్యూ అయ్యాకే వీసాకి అప్లై చేయడం మేలు. టికెట్ ముందే బుక్ చేసి ఉంటే విమానం కంపెనీ సైట్‌లోకి వెళ్లి కొత్త నంబర్, కొత్త గడువు తేదీ మార్చండి. ప్రయాణ బీమా తీసుకుని ఉంటే అందులోనూ మార్పించండి, విదేశీ ఖర్చుల కోసం బ్యాంకులో ఫారెక్స్ కార్డు ఉంటే అక్కడ కూడా కొత్త పాస్‌పోర్ట్ కాపీ ఇచ్చి రండి.